జీమెయిల్ ఉండగా ఈ లోకల్ మెయిల్ ఎందుకు?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం. పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ తీసేసి ఉబుంటు వేసుకున్నాడు. వారం రోజులుగా అందులో ‘లోకల్ మెయిల్’ అంటూ ఏదో సెట్ చేస్తున్నాడు. ఆ మెయిల్ ల్యాప్‌టాప్ దాటి బయటికే పోదట! తోటివాళ్లు కోడింగ్ ప్రాక్టీస్ చేస్తుంటే వీడిలా కూర్చున్నాడని టెన్షన్‌గా ఉంది. మాన్పించమంటారా?
– ఒక తండ్రి, తణుకు

జవాబు: మాన్పించకండి. అది పూర్తిచేసేదాకా ఆగండి.

ఉబుంటు ఒక రకం లినక్స్. లినక్స్ మెషీన్‌లో కొన్ని పనులు రాత్రిపూట వాటంతటవే నడుస్తాయి. బ్యాకప్ తీయడం, పాత ఫైళ్లు తుడిచేయడం లాంటివి. వాటిని వేళకు లేపేది క్రాన్ అనే ప్రోగ్రామ్. ఆ పని ఎర్రర్ గానీ మరేదైనా మాట గానీ బయటికి చెబితే, క్రాన్ దాన్ని ఉత్తరంగా కట్టి ఆ పని పెట్టిన యూజర్‌కి పంపుతుంది. మోయడానికి పోస్ట్‌మన్ ఉండాలి కదా? ఉబుంటు డెస్క్‌టాప్‌లో మామూలుగా ఉండడు. అప్పుడు క్రాన్ ‘ఎంటీఏ లేదు, అవుట్‌పుట్ పారేస్తున్నాను’ అని లాగ్‌లో, అంటే మెషీన్ తన పనులు రాసుకునే చిట్టాలో, ఒక్క ముక్క రాసి ఊరుకుంటుంది. ఎంటీఏ అంటే ఆ పోస్ట్‌మన్ ప్రోగ్రామే. మీవాడు పెట్టుకుంటున్నది ఆ పోస్ట్‌మన్‌నే. ఇంట్లో ఒకరికొకరు చీటీలు రాసుకున్నట్టు, దీనికి ఇంటర్నెట్ అక్కర్లేదు.

కౌన్సెలింగ్‌లోకి రాకముందు నేను కొన్నాళ్లు సర్వర్లు చూసుకునేవాణ్ణి. ఒకచోట డిస్క్ పోయింది, బ్యాకప్ కోసం వెతికితే నెలల పాతది తప్ప లేదు. ప్రతి రాత్రీ బ్యాకప్ ఫెయిలవుతూనే ఉంది, ప్రతి రాత్రీ ఉత్తరం వస్తూనే ఉంది. అన్నీ రూట్, అంటే మెషీన్ మీద సర్వాధికారాలున్న యూజర్, మెయిల్‌బాక్స్‌లో పేరుకుపోయాయి. రూట్‌గా లాగిన్ అయి చదివే అలవాటు మాలో ఒక్కరికీ లేదు. ఈటీసీ ఫోల్డర్‌లో అలియాసెస్ అనే ఫైల్ ఉంటుంది. రూట్‌కి వచ్చేవి ఫలానా మనిషికి ఇవ్వండని అందులో ఒక్క లైను రాసి, న్యూఅలియాసెస్ కమాండ్ కొట్టి ఉంటే సరిపోయేది. ఆ లైను ఎవరం రాయలేదు, నాతో సహా.

ఇక ఇది మీ అబ్బాయికి చదివి వినిపించండి. బాబూ, పోస్ట్‌మన్ పని చేసే పోస్ట్‌ఫిక్స్ ఇన్‌స్టాల్ చేస్తే ఎలాంటి మెయిల్ సెటప్ కావాలని అడుగుతుంది. ‘లోకల్ ఓన్లీ’ ఎంచుకో. ‘ఇంటర్నెట్ సైట్’ జోలికి ఇప్పుడే పోకు. సరిగా కట్టడి చేయని మెయిల్ సర్వర్‌ని బయటికి తెరిస్తే స్పామ్ పంపేవాళ్లకు అద్దె లేని ఇల్లు ఇచ్చినట్టే. తర్వాత ఉత్తరాలు రాయడానికి, చదవడానికి మెయిల్‌యుటిల్స్ వేసుకుని, నీకు నువ్వే ఒక ఉత్తరం పంపుకో. వార్ ఫోల్డర్ లోపలి మెయిల్ ఫోల్డర్‌లో నీ పేరుతో ఫైల్ పుడుతుంది. దాన్ని మామూలు టెక్స్ట్‌లాగే తెరిచి చూడొచ్చు, ఉత్తరాలన్నీ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. అందకపోతే గూగుల్‌కి పరిగెత్తే ముందు ఆగిపోయిన ఉత్తరాలు చూపే మెయిల్‌క్యూ కమాండ్ కొట్టి, మెయిల్ లాగ్ చదువు. కావాలనే అలియాసెస్ ఫైల్‌లో, మెషీన్‌లో లేని యూజర్ పేరు రాసి, ఆ ఉత్తరం ఏమైందో పట్టుకో. ఇంకో చిక్కు ఉంది: క్రాన్ ఉత్తరం రాసేది పని ఏదైనా మాట్లాడితేనే. నోరు మెదపకుండా ఫెయిలైతే ఏ ఉత్తరమూ రాదు. దాన్ని ఎలా పట్టుకుంటావు? ఇంటర్వ్యూలో నేనైతే ఇదే అడుగుతాను.

అయ్యా, మళ్లీ మీకు. లోకల్ మెయిల్ వచ్చని ఎవరూ ఉద్యోగం ఇవ్వరు. కంపెనీల్లో సర్వర్లను కనిపెట్టుకోవడానికి వేరే టూల్స్ ఉన్నాయి. కానీ సర్వీసు పెట్టడం, కాన్ఫిగ్ ఫైల్ మార్చడం, పర్మిషన్లు, లాగ్ చదవడం – లినక్స్ అడ్మిన్‌కైనా, డెవాప్స్‌కైనా (సాఫ్ట్‌వేర్‌ని సర్వర్లలో పెట్టి నడిపించే పని), క్లౌడ్ సపోర్ట్‌కైనా రోజువారీ పని ఇదే. లినక్స్ కంపెనీ రెడ్‌హ్యాట్ వాళ్ల ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ సర్టిఫికెట్ పరీక్షలో బిట్ పేపర్ ఉండదు, మెషీన్ ముందు కూర్చోబెట్టి పని చేయిస్తారు. ఇలా సొంతంగా కెలుక్కున్న పిల్లలకు అది బెదురు పుట్టించదు. ఈ ఉద్యోగాల్లో నైట్ షిఫ్టులు, పండగపూట ఫోన్లు ఉంటాయని కూడా ఇప్పుడే తెలియనివ్వండి.

మీ భయంలో సగం నిజమే. క్యాంపస్‌లో మొదటి వడపోత ఎక్కువగా ఆప్టిట్యూడ్, కోడింగ్ పరీక్షలతోనే. రోజుకో గంట వాటికి ఇవ్వమనండి. బ్యాక్‌లాగ్‌లు ఉంటే ముందు అవి.

ఈ ఆదివారం ఒక పని చేయండి. ఆ ల్యాప్‌టాప్‌లో మీ పేరున ఒక యూజర్ తెరిచి, మీకో ఉత్తరం పంపమనండి. మీరు చదివాక, తన లాగిన్ నుంచి మీ మెయిల్‌బాక్స్ తెరవమనండి. మామూలుగా తెరుచుకోదు, రూట్ అధికారంతో పని చేయించే సుడో కమాండ్‌తో తెరుచుకుంటుంది. ఎందుకో మీకు అర్థమయ్యేలా చెప్పమనండి.