స్కీ కొండ మీద వ్యూ ప్లాట్‌ఫామ్‌కి గాజు నేల కాకుండా ఇనుప జాలీ ఎందుకు?

గాజు నేలే అందంగా ఉంటుంది కదా, జాలీ ఎందుకు అని అడిగారు. ముఖ్యంగా మంచు వల్ల.

కొత్తగా కురిసిన మంచు దూదిలా తేలికే. ఎండకీ గాలికీ అణిగి గట్టిపడ్డాక మాత్రం మీటరు మందం ఉంటే చదరపు మీటరుకి సుమారు 300 కిలోలు తూగుతుంది. అంటే అంత చోటులో ఐదుగురు ఇరుక్కుని నిలబడ్డట్టే. పైగా ప్లాట్‌ఫామ్ కొండ అంచు దాటి గాల్లోకి చాచి ఉంటుంది. బరువు ఎంత చివరన పడితే, ప్లాట్‌ఫామ్‌ని కొండకి బిగించిన చోట లాగుడు అంత ఎక్కువ. అందుకే రాతిలో లోతుగా రంధ్రాలు తొలిచి, స్టీలు కడ్డీలు దించి, సిమెంటు పాలు పోసి బిగిస్తారు. జాలీ వేస్తే మంచు చాలావరకు సందుల్లోంచి కిందికి రాలిపోతుంది. స్కీ బూట్లకి పట్టూ దొరుకుతుంది. తడి గాజు మీద ఆ బూట్లతో నడవడం, అబ్బో!

జర్మనీలో గార్మిష్-పార్టెన్‌కిర్షెన్ దగ్గర 2010లో తెరిచిన ఆల్ప్‌స్పిక్స్ అనే వ్యూ ప్లాట్‌ఫామ్ చూడండి. కేబుల్ కారు పై స్టేషన్ పక్కనే చాచిన చేతుల్లాంటి రెండు స్టీలు నడకదారులు ఒకదాన్నొకటి దాటుతూ లోయ మీదికి సాగుతాయి. నేలంతా జాలీ. గాజు ఉన్నది ఒక చేతి చివర, గోడగా. నా ఓటు ఈ పద్ధతికే. భయం కావాలనుకునేవాళ్లకి లోటేమీ లేదు, తల వంచితే బూట్ల కిందే లోయ.