ఊరికి గ్రాంటు: అడిగేముందు, అందిన తరువాత (పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు)

పల్లెల్లో చదువు, వైద్యం, ఉపాధి కోసం ఫౌండేషన్లు, కంపెనీలు ఇచ్చే నిధుల గురించి ఈ శీర్షికకు చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో ఆరింటికి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. రాసినవారి పేర్లు, ఊళ్ల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా ఊరికి దగ్గరలో ఒక పెద్ద సిమెంటు కర్మాగారం ఉంది. మా జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు సైన్సు ప్రయోగశాల, గ్రంథాలయం సమకూర్చాలని నిరుడు యువకులమంతా కలిసి సొసైటీని రిజిస్టరు చేయించుకున్నాం. కంపెనీకి అర్జీ పెట్టుకుంటే మా సంస్థకు అర్హత లేదన్నారు. చుట్టుపక్కల ఊళ్లకు ఖర్చు పెట్టడం వారి చట్టబద్ధమైన బాధ్యత కాదా? (ఒక పాఠకుడు, సూర్యాపేట జిల్లా)

సమాధానం: ఖర్చు పెట్టడం వారి బాధ్యతే. అయితే మీ సొసైటీకే ఇవ్వాలన్న బాధ్యత వారికి లేదు. కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షను 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. క్రితం ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్ల రూపాయలు గాని, టర్నోవరు 1,000 కోట్లు గాని, నికర లాభం 5 కోట్లు గాని ఉన్న కంపెనీ, అంతకుముందు మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం రెండు శాతాన్ని సామాజిక బాధ్యత (సీఎస్సార్) కింద ఖర్చు చేయాలి. తాను పనిచేసే పరిసరాలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టం చెబుతుంది. కానీ ప్రాధాన్యం వేరు, హక్కు వేరు. పక్క ఊరివాళ్లం కనుక మాకు ఇచ్చి తీరాలని ఎవరూ దావా వేయలేరు.

కంపెనీవారు మీకు చెప్పిన మాట 2021 జనవరిలో సవరించిన నిబంధనల నుంచి వచ్చింది. కంపెనీ బయటి సొసైటీ ద్వారా గాని, ట్రస్టు ద్వారా గాని పని చేయించాలంటే, ఆ సంస్థకు ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జీ (దాతకు పన్ను రాయితీ) రిజిస్ట్రేషన్లు ఉండాలి, అటువంటి పనిలో కనీసం మూడేళ్ల అనుభవం ఉండాలి, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్సార్-1 ఫారం నింపి నంబరు తెచ్చుకుని ఉండాలి. నిరుడు పుట్టిన సొసైటీకి మూడేళ్ల అనుభవం ఎలాగూ ఉండదు కనుక, కంపెనీ అధికారి మిమ్మల్ని చిన్నచూపు చూశారని అనుకోనవసరం లేదు.

మీకు దారి మూసుకుపోలేదు. ఏ మధ్యవర్తి సంస్థా లేకుండా కంపెనీయే స్వయంగా పని చేయవచ్చు. అందువల్ల ఈసారి అర్జీ మీ సొసైటీ పేరున కాకుండా, ప్రధానోపాధ్యాయుల సంతకంతో, పాఠశాల కమిటీ తీర్మానంతో, జిల్లా విద్యాశాఖాధికారి అనుమతితో వెళ్లేలా చూడండి. నిధులతో సమకూరే ఆస్తి ప్రభుత్వ సంస్థ పేరున ఉండడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి కనుక, ప్రయోగశాల పాఠశాల ఆస్తిగానే నమోదవుతుంది. కేంద్ర విద్యాశాఖ 2021లో ప్రారంభించిన విద్యాంజలి పోర్టల్‌లో కూడా పాఠశాల తన అవసరాలను నమోదు చేయవచ్చు. అర్జీ ఫిబ్రవరి, మార్చిలలో పెట్టకండి. అప్పటికి ఆ ఏడాది డబ్బు ఎటు పోవాలో తేలిపోయి ఉంటుంది. కొత్త ఆర్థిక సంవత్సరం మొదటి నెలల్లో అడగండి. ఈలోగా చిన్న పనులే అయినా చేస్తూ, ఏటా లెక్కలు ఆడిట్ చేయించి, సమావేశాల మినిట్స్ పుస్తకం సరిగా రాసి ఉంచుకుంటే, మూడేళ్ల తరువాత మీ సొసైటీయే సొంతంగా అడగగలదు.

ప్రయోగశాలకు ఒక్కసారి ఇచ్చే డబ్బు దొరకడం కష్టం కాదు. దాతకు రిబ్బను కత్తిరించే ఫొటో దక్కుతుంది. కానీ రసాయనాలు ఏటా అయిపోతాయి, గాజు సామాను పగులుతుంది, గ్రంథాలయం తెరిచి కూర్చునే మనిషికి నెలనెలా ఎంతో కొంత ఇవ్వాలి. ఈ ఖర్చు మూడేళ్లకు ఎంత అవుతుందో, అందులో ఊరు ఎంత భరిస్తుందో అర్జీలోనే రాయండి. నేను చదివిన ప్రతిపాదనలలో నూటికి తొంభై ఈ ఒక్క పేజీ లేకుండానే వచ్చేవి.

ప్రశ్న: మా ఊరి నుంచి వెళ్లి స్థిరపడినవారంతా కలిసి పది పడకల ఆసుపత్రి భవనం కట్టిస్తామంటున్నారు. స్థలం సిద్ధంగా ఉంది. పరికరాలకు, వైద్యుల జీతాలకు ఏ ఫౌండేషన్‌ను అడగాలి? (ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం జిల్లా)

సమాధానం: మాస్టారూ, మీ ఉత్సాహం మీద నీళ్లు చల్లుతున్నానని అనుకోకపోతే ఒక మాట చెబుతాను. పునాది తీయకముందే ఈ ఆలోచనను మరోసారి తూచి చూడండి. మైదాన ప్రాంతంలో 5,000 జనాభాకు ఒక ఉపకేంద్రం, 30,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్నది ప్రభుత్వం పెట్టుకున్న ప్రమాణం. గిరిజన, కొండ ప్రాంతాలలో ఈ సంఖ్యలు 3,000, 20,000. ఈ లెక్కన ఒక్క ఊరి రోగులతో పది పడకల ఆసుపత్రి నడవదు. ఎంబీబీఎస్ వైద్యుడిని, నర్సులను, ల్యాబ్ టెక్నీషియన్‌ను పల్లెలో నిలబెట్టుకోవడం భవనం కట్టినంత తేలిక కాదు. జీతాలకు ఏళ్ల తరబడి గ్రాంటు ఇచ్చే ఫౌండేషన్లు చాలా తక్కువ.

ఇదే డబ్బుతో వేరే విధంగా ఏం చేయవచ్చో తెలుగునాట ఒక మంచి ఉదాహరణ ఉంది. డాక్టర్ గుళ్లపల్లి ఎన్. రావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి.ప్రసాద్ కంటి వైద్య సంస్థకు, ఆ సినీ ప్రముఖుని కుటుంబం ఐదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇచ్చింది. ఆ సంస్థ నగరంలోనే ఆగిపోకుండా 1996లో అప్పటి ఆదిలాబాద్ జిల్లా ముథోల్‌లో గ్రామీణ కంటి ఆసుపత్రిని తెరిచింది. ఆ తరువాత దాదాపు 50,000 జనాభాకు ఒకటి చొప్పున చిన్న దృష్టి కేంద్రాలు పెడుతూ వచ్చింది. ఆ కేంద్రంలో వైద్యుడు ఉండడు. ఇంటర్మీడియట్ చదివిన స్థానిక యువతీయువకులకే ఏడాది శిక్షణ ఇచ్చి అక్కడ నియమిస్తారు. వారు కళ్లు పరీక్షిస్తారు, అద్దాలు ఇస్తారు, శస్త్రచికిత్స అవసరమైనవారిని పై ఆసుపత్రికి పంపుతారు. అద్దాల అమ్మకం కేంద్రం ఖర్చును కొంతవరకు భరిస్తుంది. పై స్థాయిలో చెల్లించగలిగినవారి రుసుము చెల్లించలేనివారి చికిత్సకు ఆసరా అవుతుంది. చదువుకున్న పిల్లకు సొంత ప్రాంతంలోనే ఉద్యోగం, ముసలివారికి చూపు, రెండూ ఒకే గదిలో దొరుకుతున్నాయి. దాత సొమ్ము ఎక్కువగా ఆరంభానికే పోతుంది, రోజువారీ నడకకు వేరే ఆధారం ఉంటుంది. ఈ ఏర్పాటులో నాకు నచ్చింది అదే.

దీనికి ఎదురుగా నిలిచే అనుభవం కూడా మనదే. సత్యం కంప్యూటర్స్ స్థాపకుల కుటుంబం 2001లో నెలకొల్పిన బైర్రాజు ఫౌండేషన్ కోస్తా పల్లెల్లో నీటి శుద్ధి కేంద్రాలు, ఆరోగ్య కేంద్రాలు నడిపింది. అదే కుటుంబం అండతో 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. 2009 జనవరిలో కంపెనీ లెక్కల మోసం బయటపడినప్పుడు రెండింటికీ ఒకేసారి దెబ్బ తగిలింది. ఫౌండేషన్ కార్యక్రమాలు కుదించుకుపోయాయి. 108 మాత్రం ఆగలేదు. అప్పటికే నిర్వహణ ఖర్చులో సింహభాగాన్ని రాష్ట్ర ప్రభుత్వం భరిస్తుండడమే దానికి కారణం. నిర్వహించే సంస్థ మారినా బండి కదులుతూనే ఉంది. రెండింటినీ నడిపినవారి చిత్తశుద్ధిలో తేడా ఉందని నేను అనుకోను. తేడా అంతా నెలనెలా జీతం ఎవరి ఖాతా నుంచి వచ్చిందన్న దానిలోనే ఉంది.

కనుక మీ ఊరి దాతల డబ్బును దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మళ్లించగలరేమో చూడండి. ఆ ఆసుపత్రి అభివృద్ధి సొసైటీతో మాట్లాడి, అక్కడ లోటు ఏమిటో వైద్యాధికారిని అడగండి. కాన్పుల గదికి ఇన్వర్టరు, రక్త పరీక్షల యంత్రం, రోగుల వెంట వచ్చినవారికి నీడ, రాత్రిపూట గర్భిణిని తీసుకువెళ్లే వాహనం వంటివి చిన్నవిగా కనిపించినా రోజూ పనికొస్తాయి. యంత్రం ఇస్తే దాని మరమ్మతు ఒప్పందానికి కూడా డబ్బు కేటాయించండి. మీరు సేకరించిన స్థలంలో దృష్టి కేంద్రం వంటిది పెట్టడానికి వీలుంటుందేమో, అనుభవం ఉన్న కంటి ఆసుపత్రిని అడగవచ్చు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాం. మా మిత్రబృందంలో కొందరం భారత పౌరులమే, కొందరం అమెరికా పౌరసత్వం తీసుకున్నాం. మా ఊరి విద్యా సొసైటీకి పిల్లల ఉపకార వేతనాల కోసం డబ్బు పంపాలంటే అడ్డంకులేమైనా ఉన్నాయా? (ఒక పాఠకుడు, టెక్సస్)

సమాధానం: అడ్డంకి మీ పాస్‌పోర్టును బట్టి ఉంటుంది. విదేశంలో ఉంటున్నా భారత పౌరసత్వం ఉన్న వ్యక్తి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరుడైన మిత్రుడు, అతనికి ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చేది) ఉన్నా సరే, విదేశీ దాత కిందికే వస్తాడు. మీరంతా అక్కడ రిజిస్టరైన సంస్థ పేరున కలిపి పంపితే మొత్తం విదేశీ విరాళమే అవుతుంది. దానిని స్వీకరించాలంటే మీ ఊరి సొసైటీకి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 కింద రిజిస్ట్రేషన్ గాని, ఆ ఒక్క గ్రాంటుకు ముందస్తు అనుమతి గాని ఉండాలి. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు మూడేళ్ల వయసు ఉండాలి, క్రితం మూడేళ్లలో తన లక్ష్యాల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. డబ్బు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోనే పడాలి.

రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థకు పంపి, వారి ద్వారా మీ సొసైటీకి ఇప్పించవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. 2020 సవరణ తరువాత అది కుదరదు. తీసుకున్న విదేశీ విరాళాన్ని మరో సంస్థకు బదిలీ చేయడం నిషిద్ధం. ఆ పెద్ద సంస్థే మీ ఊరికి వచ్చి నేరుగా పని చేస్తే తప్పు లేదు. మీ బృందంలో భారత పౌరులు తమ వంతు విడిగా, ఎవరి ఖాతా నుంచి వారు పంపడం అన్నిటికన్నా సులువైన మార్గం. పాస్‌పోర్టు నకలును సొసైటీ ఫైలులో ఉంచమనండి.

ప్రశ్న: మా గ్రామ సమాఖ్య మహిళలకు ఒక ఫౌండేషన్ నలభై కుట్టుమిషన్లు, మూడు నెలల శిక్షణ ఇస్తామంటోంది. ఇప్పటికే ఊళ్లో పదిమంది దర్జీ పని చేస్తున్నారు. కాదంటే ఉన్నది కూడా పోతుందేమోనని భయంగా ఉంది. (సమాఖ్య అధ్యక్షురాలు, నారాయణపేట జిల్లా)

సమాధానం: అమ్మా, పల్లె ఆడవాళ్లకు ఉపాధి అనగానే కుట్టుమిషను గుర్తుకు రావడం దాతలకు పాత అలవాటు. పదిమంది ఉన్నచోట మరో నలభైమంది చేరితే జాకెట్టు కుట్టుకూలి పడిపోతుంది, అంతే. కాదని చెప్పండి, కానీ ఉత్త చేతులతో చెప్పకండి. మీ సమాఖ్యలో ఎవరు ఏ పని నేర్చుకోగలరో, ఆ పనికి ఊళ్లోనో పక్క పట్టణంలోనో గిరాకీ ఉందో లేదో పేర్లతో సహా రాసి ఇవ్వండి. మీది మగ్గాల ప్రాంతం. ఆసుపత్రులలో సహాయకులుగా, ఏసీలు, ఫ్రిజ్‌ల మరమ్మతుదారులుగా వెళ్లగల ఆడపిల్లలు కూడా ఉండవచ్చు.

శిక్షణ కోసం ఫౌండేషన్‌ను అడగనవసరమే లేదు. కర్ణాటకలోని ఉజిరెలో 1982లో మొదలైన నమూనాను అనుసరించి బ్యాంకులు జిల్లాలలో గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు నడుపుతున్నాయి. శిక్షణ, భోజనం, వసతి ఉచితం. తరువాత రెండేళ్లపాటు రుణం విషయంలో వెంట ఉండి సాయం చేస్తారు. నౌకరీ కోరుకునే 15 నుంచి 35 ఏళ్లవారికి 2014లో వచ్చిన దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన ఉంది. తెలంగాణలో దానిని ఈజీఎంఎం (ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్) చూస్తుంది.

అయితే ఈ పథకాలు వదిలేసే ఖాళీలు కొన్ని ఉన్నాయి. చంటిబిడ్డ తల్లి శిక్షణకు వెళితే బిడ్డను ఎవరు చూస్తారు? హైదరాబాదులో ఉద్యోగం వచ్చిన అమ్మాయికి మొదటి జీతం అందేదాకా హాస్టలు అద్దె ఎవరు కడతారు? శిక్షణ పూర్తయ్యాక కూడా చాలామంది ఇలాంటి కారణాలతోనే వెనక్కి వస్తారు. నలభై మిషన్ల ఖరీదును ఈ ఖాళీలు పూడ్చడానికి ఇవ్వమని ఫౌండేషన్‌ను అడగండి. తెలివైన ప్రోగ్రామ్ అధికారి అయితే మీ లెక్కను కాదనరు.

ప్రశ్న: ఒక మధ్యవర్తి మా ట్రస్టు ఖాతాలో కోటి రూపాయల సీఎస్సార్ నిధులు వేయిస్తానని, అందులో 70 లక్షలు నగదుగా తిరిగి ఇవ్వాలని, ముందుగా 'ప్రాసెసింగ్ రుసుము' కట్టాలని అంటున్నాడు. ఒప్పుకోవచ్చా? (ఒక పాఠకుడు, ఏలూరు జిల్లా)

సమాధానం: ఒప్పుకోవద్దు. రుసుము కట్టించుకుని మాయమైతే మీరు అదృష్టవంతులు. నిజంగానే కోటి వేస్తే, నల్లధనాన్ని మార్చిన కేసులో ముద్దాయిలు ట్రస్టీలే అవుతారు. గ్రాంటు ఇచ్చేందుకు ఎదురు డబ్బు అడిగే ఫౌండేషన్ ఉండదు.

ప్రశ్న: బడి పిల్లల సాయంత్రం తరగతుల కోసం ఒక కంపెనీ ఇచ్చిన గ్రాంటులో ఏడాది చివర లక్షా పదివేలు మిగిలింది. అదే బడికి మరుగుదొడ్ల మరమ్మతు చేయిస్తే అభ్యంతరం ఉంటుందా? పని మంచిదే కదా. (ఒక సంస్థ కార్యదర్శి, అన్నమయ్య జిల్లా)

సమాధానం: పని మంచిదే, కానీ డబ్బు ఆ పనికి ఇచ్చినది కాదు. ఒప్పంద పత్రంలో రాసిన పద్దు దాటి ఒక్క రూపాయి వాడాలన్నా కంపెనీ లిఖితపూర్వక అనుమతి కావాలి, ఫోనులో 'సరే' అన్నది చాలదు. కంపెనీకి కూడా ఇది చిన్న సంగతి కాదు. మీ ఖాతాలో పడినంత మాత్రాన ఆ సొమ్ము వారి లెక్కలో ఖర్చయినట్లు కాదు, మీరు వాడినప్పుడే ఖర్చవుతుంది. నిధులు ఆమోదించిన పనికే వాడారని వారి ఆర్థిక అధికారి ధ్రువీకరించవలసి ఉంటుంది. మార్చి నెలలో వారు వినియోగ ధ్రువపత్రం కోసం రోజుకు రెండుసార్లు ఫోను చేసేది అందుకే.

ఈ వారంలోనే రెండు పేరాల ఉత్తరం రాయండి. తరగతులు ఎందుకు తక్కువ రోజులు జరిగాయో, లక్షా పదివేలు ఎలా మిగిలిందో ఉన్నది ఉన్నట్లు చెప్పి, వచ్చే ఏడాది తరగతులకు కొనసాగించడమా, మరుగుదొడ్లకు మార్చడమా, తిరిగి ఇవ్వడమా అని వారినే అడగండి. బహుళ సంవత్సరాల ప్రాజెక్టుగా బోర్డు ముందే ఆమోదించి ఉంటే, మిగిలిన సొమ్మును ప్రత్యేక ఖాతాకు మార్చి మూడు ఆర్థిక సంవత్సరాలలో ఖర్చు చేసే వీలు కంపెనీకి ఉంది. జవాబు వచ్చేవరకు ఆ లక్షా పదివేలు బ్యాంకులోనే ఉండనివ్వండి, మేస్త్రీకి బయానా ఇవ్వకండి.