మా తమ్ముడు బిళ్లలు మానేసిన నాలుగు సార్లు

మీ అన్నయ్య మూడు నెలలు బిళ్లలు వేసుకుని బాగుంటాడు, తర్వాత మానేస్తాడు, చీపురుపల్లి దగ్గర మీ ఊళ్లో అందరూ ‘మొండోడు’ అంటున్నారు, ఎందుకిలా చేస్తాడు అని అడిగారు. నేను డాక్టర్ని కాను. స్కిజోఫ్రేనియా, అంటే లేని మాటలు వినపడి, లేని అనుమానాలు పుట్టే మానసిక జబ్బు ఉన్న తమ్ముడికి అక్కని. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. వాడు నాలుగుసార్లు మానేశాడు. నిజం చెప్పాలంటే అందులో రెండుసార్లు వాడు మానలేదు, మేమే మాన్పించాం.

మొదటిసారి 2015లో. అప్పటికి వాడికి 23 ఏళ్లు. రాత్రంతా గెడ్డ గట్టు మీద తిరిగేవాడు. గోడవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారని చెవి ఆనించి వినేవాడు. ఊళ్లో చిల్లంగి, అంటే చేతబడి అన్నారు. తాయెత్తులూ, కోడిపుంజులూ అన్నీ అయ్యాక విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకి తీసుకెళ్లాం. జబ్బుకి రిస్పెరిడోన్, దాంతో వచ్చే వణుకుకి పాసిటేన్ రాశారు. నెలన్నరకి మాటలు వినపడటం తగ్గి మనిషి కుదురుకున్నాడు. కుదురుకోగానే మా అమ్మ, "జొరం తగ్గినాక మందేటి? ఎన్నాళ్లు మింగుతాడు, నరాలు సచ్చిపోవా?" అంది. నేను కూడా అవునన్నాను. మనం ఎరిగిన జబ్బులు చాలావరకు తగ్గగానే మందు ఆపేసేవే కదా. బీపీ, షుగరు బిళ్లలు ఏళ్ల తరబడి వాడాలని 104 బండి దగ్గర నిలబడే ముసలమ్మలందరికీ తెలుసు. తలకి ఇచ్చే బిళ్లా అలాంటిదేనన్నది మాత్రం మా ఇంట్లో ఎవరికీ తెలీదు. బహుశా చెప్పే ఉంటారు, ఆ ఓపీ రద్దీలో మా చెవికి ఎక్కలేదు.

ఆపాక ఏం జరిగిందో జాగ్రత్తగా చదవండి, మీ ఇంట్లోనూ ఇదే జరుగుతుండొచ్చు. వాడికి ఏమీ కాలేదు సరికదా, ఇంకా బాగయ్యాడు. మొహంలో మబ్బు విడిపోయింది. నోట్లోంచి చొంగ కారడం ఆగింది. పొద్దున్నే లేచి పొలం వెళ్లాడు. "సూసేవా, ఆ బిళ్లలే జబ్బు" అన్నారు ఊళ్లోవాళ్లు. రెండున్నర నెలలకి నిద్ర పోయింది, ఆ వెనకే గోడవతల మాటలు వచ్చాయి. అప్పటికి బిళ్లలు ఆపిన సంగతే మాకు గుర్తులేదు, ఎవరిదో దిష్టి అనుకున్నాం. మందు ఆపిన సుఖం నాలుగు రోజుల్లో తెలుస్తుంది, నష్టం నెలలు దాటాక వస్తుంది. ఆ రెంటికీ లంకె ఉందని పక్కనున్న మనకే తట్టనప్పుడు, వాళ్లకి ఎలా తడుతుంది? తర్వాత శ్రీకాకుళంలో చూసిన డాక్టరుగారు మాకో లెక్క చెప్పారు. 2012లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో, రోగుల మీద మందు పనితీరు చూసిన 65 అధ్యయనాల ఫలితాలు కలిపి చూస్తే, ఏడాదిలో మందు లేనివాళ్లలో 64 శాతం మందికి జబ్బు తిరగబెట్టిందట, మందు వాడినవాళ్లలో 27 శాతం మందికి. అంటే వేసుకుంటున్నా కొందరికి తిరగబెడుతుంది. అందుకని మీ అన్నయ్యకి ఎప్పుడు బాగోకపోయినా ‘మానేశావు కదూ’ అని మీద పడకండి.

రెండోసారి, 2017లో, వాడంతట వాడే మానేశాడు. ఎందుకని నేను అడగడానికి ఏడాది పట్టింది. మా వైపు ఉభాలు, అంటే వరినాట్లు పడితే తెల్లారగట్ల నాలుగింటికే మేస్త్రి గుమ్మం ముందు కేకేస్తాడు. రాత్రి తొమ్మిదింటికి బిళ్ల వేసుకున్నవాడు ఏడింటిదాకా లేవలేడు. లేచినా చేతులు వణుకు. మడిలో పడాల్సిన నారు కట్ట గట్టు మీద పడేది. నాట్లేస్తున్న ఆడవాళ్లు నవ్వారు. మూడో రోజు నుంచి మేస్త్రి కేకెయ్యలేదు. "అప్పా, పిచ్చోడంటే పడతాను. పనికిరానోడంటే ఎలా పడీది?" అన్నాడు నాతో. ఆ మాట డాక్టరు చెవిన పడి ఉంటే వేళో మోతాదో మార్చేవారు. కానీ ఓపీలో ‘ఎలా ఉన్నాడమ్మా’ అని అడిగినప్పుడల్లా ‘బాగున్నాడండీ’ అని నేనే అనేసేదాన్ని. వాణ్ణి మాట్లాడనివ్వలేదు.

మూడోసారి సంగతి రాయడానికి చెయ్యి రావటం లేదు. 2018లో బిళ్ల ముట్టనంటే ముట్టనన్నాడు. స్కిజోఫ్రేనియాలో చాలామందికి తమకి జబ్బుందన్న ఎరుకే ఉండదు. అదీ జబ్బులో భాగమే. అది తెలియక, స్టీలు గ్లాసు అడుగుతో బిళ్ల నూరి చోడంబలిలో (రాగి అంబలి) కలిపి, పైన ఉల్లిపాయ ముక్కలు వేసి ఇచ్చాను. నాలుగు రోజులు తాగాడు. ఐదోరోజు గ్లాసు అడుగున తెల్లగా పేరుకున్నది చూశాడు. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాడు. నా వైపు చూశాడు, ఒక్క మాట అనలేదు. గ్లాసు గుమ్మం పక్కన పెట్టి బయటికి వెళ్లిపోయాడు. ఇంట్లోవాళ్లు విషం పెడుతున్నారని వాడికి అంతకుముందు నుంచే అనుమానం. నేను చేసిన పనితో అది వాడికి రుజువైపోయింది. పదకొండు రోజులు ఇంట్లో ముద్ద ముట్టలేదు. కొట్లో బిస్కెట్లు తిని బోరింగు నీళ్లు తాగి బతికాడు. ఆ గొడవలోనే మా చిన్నాన్న వాణ్ణి కల్లంలో రాటకి గొలుసుతో కట్టేశాడు. గొలుసుతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిషేధించిందని నాకప్పుడు తెలీదు. తెలిసుంటే ఎదురు తిరిగేదాన్నా అంటే, తిరిగి ఉండాల్సింది. దయచేసి అన్నంలో కలిపి పెట్టే పని మాత్రం చెయ్యకండి. ఆ గ్లాసు తర్వాత నా చేతి నీళ్లు వాడు తాగడానికి రెండేళ్లు పట్టింది.

నాలుగోది పెళ్లి. చేస్తే కుదురుకుంటాడన్నారు, రాజాం వైపు సంబంధం చేశాం, జబ్బు మాట దాచాం. 2021 సంక్రాంతికి అత్తవారింటికి వెళ్తుంటే, అక్కడ ఎవరి కంటైనా పడతాయని బిళ్లలు ఇంట్లోనే ఉంచెయ్యమన్నాం. మళ్లీ మొదలెట్టాలన్నది ఎవరికీ పట్టలేదు. వేసవికల్లా వాడి పరిస్థితి మా మరదలు కళ్లారా చూసింది. "ముందే సెప్తే నానే ఏసేదాన్ని గదా వొదినా" అంది. ఇప్పుడు వాడికి మందు చూసేది ఆ పిల్లే.

ఇక మీరు చెయ్యగలిగింది. ఈసారి ఆసుపత్రికి వెళ్లేముందు మీ అన్నయ్యని ఒంటరిగా కూర్చోబెట్టి, ఆ బిళ్లతో నీకు పడనిదేంటి అని అడగండి. మత్తా, వణుకా, కాలు ఒకచోట నిలవకపోవడమా, ఒళ్లు రావడమా. కొన్ని మందులతో భార్యాభర్తల మధ్య ఇబ్బంది వస్తుంది, మగవాళ్లు ఆ మాట చెల్లెళ్ల ముందు చెప్పరు కాబట్టి డాక్టరుతో విడిగా మాట్లాడనివ్వండి. చెప్పింది చీటీ మీద రాసుకుని డాక్టరు ముందు పెట్టండి. మావాడికి ముందు మోతాదు తగ్గించి వేళ సాయంత్రం ఏడింటికి మార్చారు. ఆ తర్వాత వాడు ఒప్పుకున్నాకే నెలకోసారి వేసే ఫ్లూఫెనజీన్ ఇంజెక్షన్‌కి మార్చారు. వణుకు పూర్తిగా పోలేదు, పాసిటేన్ వాడుతున్నాడు. కానీ రోజూ రాత్రి బిళ్ల దగ్గర జరిగే యుద్ధం ఆగింది.

ఖర్చు కూడా చూసుకోవాలి. మా ఊరి నుంచి ఆటో, బస్సు, కాంప్లెక్స్ నుంచి మళ్లీ ఆటో, ఇద్దరి కూలి పోతుంది. మండలంలో మందుల కొట్లలో అడిగితే ఉండవు. పొలం పనుల రోజుల్లో ఒక్క నెల వెళ్లలేకపోతే అక్కడితో తెగిపోతుంది. అందుకే బిళ్లలు రాసినన్నాళ్లూ రెండు నెలలకి రాయమని బతిమాలేవాళ్లం. రాత్రివేళ ఏం చెయ్యాలో తోచకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. టెలిమానస్ అంటారు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. వైకల్యం ఎంతో చూసి సర్టిఫికెట్ ఇచ్చే సదరం శిబిరంలో 40 శాతానికి తక్కువ కాకుండా వైకల్యం రాస్తే పింఛనుకి పెట్టుకోవచ్చు, 2024 నుంచి అది నెలకి 6000. మాకు ఆ డబ్బులే దారిఖర్చులు.

ఈ ఏడు ఉభాలకి ముందు నేనే మేస్త్రి ఇంటికి వెళ్లాను. వాడు ఏడింటికి వస్తాడు, నారు తీతకి పెట్టుకో, కూలి తగ్గించి ఇయ్యి అన్నాను. పెట్టుకున్నాడు. మీ అన్నయ్య ఏం పని చేసేవాడో మీరు రాయలేదు. అది రాయండి.