టాంజానియా రోడ్డుకు జేవీ: 51 అడగాలా, 60 అడగాలా?

హైదరాబాద్‌లోని మీ రోడ్ల కంపెనీ టాంజానియాలో ప్రపంచ బ్యాంకు నిధులతో వేసే రోడ్డుకి అక్కడి కంపెనీతో కలిసి జాయింట్ వెంచర్‌గా (జేవీ) టెండర్ వేయబోతోంది, అందులో మన వాటా 51 శాతం అడగాలా, 60 అడగాలా అన్నారు. వాటా సంగతి త్వరగానే తేలిపోతుంది. టెండర్ పత్రాల్లో అర్హతల పట్టిక తీయండి. ప్రపంచ బ్యాంకు నమూనాలో మామూలుగా సగటు వార్షిక టర్నోవర్ నిబంధనలో అడిగిన మొత్తంలో ప్రతి భాగస్వామి కనీసం 25 శాతం, వాళ్లలో ఒకరు కనీసం 40 శాతం చూపించాలి. లీడ్ (జేవీని ముందుండి నడిపే కంపెనీ) ఎవరు కాగలరో అక్కడే తెలిసిపోతుంది.

అంతకు మించి 51కీ 60కీ తేడా పని ఇచ్చే క్లయింట్ పట్టించుకోడు. ఫిడిక్ (కన్సల్టింగ్ ఇంజినీర్ల అంతర్జాతీయ సమాఖ్య) నమూనా కాంట్రాక్టులో 1.14 క్లాజు చదవండి. జేవీలో ఉన్నవాళ్లంతా ఉమ్మడిగానూ విడివిడిగానూ బాధ్యులు. కాగితం మీద మీది 10 శాతమే అయినా, అవతలివాడు చేతులెత్తేస్తే రోడ్డు మొత్తం మీరే వేసి ఇవ్వాలి. కాబట్టి మీరు గట్టిగా పట్టుబట్టాల్సింది ఇంకో చోట. సైటుకి డబ్బు చాలనప్పుడు ఎవరు తెస్తారు? తేనివాడిని ఏం చేస్తారు?

ఉదాహరణకి పని విలువ 6 కోట్ల డాలర్లు, గడువు 24 నెలలు, నెలకి సగటున 25 లక్షల ఖర్చు అనుకోండి. ఫిడిక్ లెక్కలో బిల్లు క్లయింట్ తరఫు ఇంజినీర్‌కి అందిన 56 రోజుల్లోగా డబ్బు రావాలి. నెలంతా చేసిన పనికి నెలాఖరున బిల్లు పెడతారు కాబట్టి, అంతా సవ్యంగా సాగినా మూడు నెలల ఖర్చు, అంటే 75 లక్షలు, ఎప్పుడూ బయటే ఉంటుంది. క్రషర్, తారు మిక్సింగ్ ప్లాంటు, క్యాంపు, లేబొరేటరీకి మొదటి బిల్లు కంటే ముందే 35 లక్షలు వేసుకోండి. 10 శాతం అడ్వాన్స్ కింద వచ్చేది 60 లక్షలు. అదీ బిల్లుల్లోంచి కోసుకుంటూ పోతారు. ఇక్కడికే 50 లక్షలు తక్కువ. రిటెన్షన్ (ప్రతి బిల్లులోంచి క్లయింట్ హామీగా ఆపి ఉంచుకునే భాగం) ఇంకా లెక్కలోకి రాలేదు, బిల్లు ఒక్కరోజు కూడా ఆలస్యం కాలేదు. 60:40 జేవీలో మీరు 30 లక్షలు, వాళ్లు 20 లక్షలు తేవాలి. దీన్నే క్యాష్ కాల్ అంటారు.

వాళ్లు తేలేదనుకోండి. ఒప్పందాల్లో సాధారణంగా ఉండే మాట, కట్టనివాడి వాటా ఆ మేరకు తగ్గుతుందని. లాభాల్లో ఉన్న పనికి అది శిక్షే. నష్టాల్లో ఉన్న పనికి బహుమతి! డబ్బు కట్టకుండా కూర్చున్నవాడి వాటాతో పాటు నష్టంలో అతని భాగం కూడా తగ్గిపోతుంది, ఆ భారమంతా మీ నెత్తికి వస్తుంది. అందుకే ఇలా రాయించండి: లాభంలో వాటా తగ్గుతుంది, ఓటు పోతుంది, నష్టంలో మాత్రం మొదటి వాటా ప్రకారమే బాధ్యత. నోటీసు ఇచ్చాక 7 రోజులు గడువు. ఆపైన మీరు కట్టింది వాళ్లకి అప్పు కింద లెక్క, వడ్డీతో సహా జేవీ ఖాతాలో వాళ్లకి రావాల్సిన మొదటి రూపాయి నుంచే వసూలు. పర్ఫార్మెన్స్ గ్యారంటీ (పని సరిగా పూర్తి చేస్తారని క్లయింట్‌కి ఇచ్చే బ్యాంకు హామీ) మీ బ్యాంకు ఒక్కటే ఇస్తుంటే, వాళ్ల వాటాకి వాళ్ల బ్యాంకు నుంచి మీ పేర కౌంటర్ గ్యారంటీ చేతికి వచ్చాకే టెండర్ మీద సంతకం పెట్టండి. మన కంపెనీలు భాగస్వాముల మధ్య రాసుకునే ప్రీ-బిడ్ ఒప్పందాన్ని టెండర్ గడువుకి రెండు రోజుల ముందు రెండు పేజీల్లో ముగించేస్తాయి, మిగతాది పని వచ్చాక చూద్దాం అంటాయి. పని వచ్చాక అవతలివాడు ఈ షరతులకి ఎందుకు ఒప్పుకుంటాడు?

పనామా కాలువ విస్తరణ చూడండి. స్పెయిన్ నుంచి సాసిర్, ఇటలీ నుంచి ఇంప్రెజిలో, బెల్జియం నుంచి యాన్ డి నుల్, స్థానికంగా కూసా, నాలుగూ కలిసి 2009లో ఓడల్ని పైకీ కిందికీ చేర్చే కొత్త లాకుల పనికి దాదాపు 312 కోట్ల డాలర్లకి టెండర్ వేశాయి. పోటీకి వచ్చిన అమెరికా కంపెనీ బెక్టెల్ జట్టు వేసింది దాదాపు 419 కోట్లు. వంద కోట్లకు పైగా తేడా! అక్కడే తవ్విన బసాల్ట్ రాయిని కొట్టి కాంక్రీటుకి కంకరగా వాడాలి. ఆ రాయి నాణ్యత మీద, కాంక్రీట్ మిక్స్ ఆమోదం మీద గొడవ మొదలైంది. అదనపు ఖర్చు 160 కోట్ల డాలర్లని జేవీ అంది, 2014 ఫిబ్రవరిలో రెండు వారాల పాటు పని ఆగింది. చివరికి కాలువ సంస్థ 10 కోట్లు, జేవీ 10 కోట్లు తెచ్చాక పని కదిలింది. లాకులు 2016 జూన్‌లో తెరిచారు. అడ్వాన్సుల లెక్క తేలింది మాత్రం 2018లో. 84 కోట్ల డాలర్లకు పైగా జేవీ తిరిగి కట్టాలని ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వ) తీర్పు వస్తే, గ్యారంటీ ఇచ్చిన మాతృ కంపెనీలు కూడా దానికి బాధ్యత పడాల్సి వచ్చింది. జేవీకి సొంత జేబు ఉండదు.

క్లెయిముల (అదనపు డబ్బు, సమయం కావాలని క్లయింట్‌ని అడగడం) దగ్గర ఇంకో చిక్కు ఉంది. 1999 ఫిడిక్ 20.1 క్లాజు ప్రకారం సంగతి తెలిసిన 28 రోజుల్లోపు నోటీసు వెళ్లాలి, దాటితే అదనపు సమయమూ డబ్బూ రెండూ పోతాయి. లోకల్ పార్ట్‌నర్ రేపు కూడా పని ఇచ్చిన ఆ రోడ్ల శాఖ దగ్గరే టెండర్లు వేసుకోవాలి. అందుకే 'ఇప్పుడే ఉత్తరం వద్దు, నేను వెళ్లి మాట్లాడతాను' అంటాడు. అతని ఇబ్బంది నిజమైనదే, కానీ ఆ మాటల్లోనే 28 రోజులు గడిచిపోతాయి. క్లెయిమ్ నోటీసు ఇచ్చే అధికారం జేవీ బోర్డు ఓటుతో పనిలేకుండా ప్రాజెక్ట్ మేనేజర్‌కి ఉండాలి, పవర్ ఆఫ్ అటార్నీలో ఆ మాట స్పష్టంగా ఉండాలి. క్లెయిమ్‌ని ఎంతకి తెగ్గొట్టుకోవాలన్నది మాత్రం బోర్డు ఏకగ్రీవంగా తేల్చాలి.

డబ్బు మెల్లగా కారిపోయే చోటు యంత్రాల అద్దె. పార్ట్‌నర్ టిప్పర్లు, గ్రేడర్లు జేవీకి బాడుగకి వస్తాయి. రేటు ఎక్కువైతే జేవీకి లాభం మిగిలినా మిగలకపోయినా అతని లాభం అతనికి ముందే ముడుతుంది. మూడు కొటేషన్లు తెప్పించండి, యంత్రం ఎవరిదో వాళ్లకి ఆ విషయంలో ఓటు ఉండకూడదు. డీజిల్, ఆపరేటర్ జీతం, చెడిపోయి నిలబడ్డ రోజులు ఎవరి ఖాతానో అందులోనే రాసుకోండి. ఈ నియమం మీ యంత్రాలకి కూడా వర్తించాలి, లేకపోతే అవతలివాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడం న్యాయమే.

సంతకానికి ముందు ప్రపంచ బ్యాంకు నిషేధిత సంస్థల జాబితాలో ఆ కంపెనీ పేరు వెతకండి. ఒక్క భాగస్వామి అందులో ఉన్నా మొత్తం బిడ్ పోతుంది. పని పూర్తయ్యాక పర్ఫార్మెన్స్ గ్యారంటీ వెనక్కి వచ్చి, అక్కడి పన్ను క్లియరెన్స్ చేతికందేదాకా చివరి లాభం పంచొద్దు. డిఫెక్ట్స్ కాలంలో (పని అప్పగించాక లోపాలు సరిచేయాల్సిన గడువులో) గుంతలు పూడ్చే మనుషులకీ ఒక రోలర్‌కీ అయ్యే ఖర్చుని జేవీ ఖాతాలోనే పక్కన పెట్టించండి.