తలకట్టు ఆఖరున పెట్టించండి

ప్రశ్న: టీచరు గారూ, మా బాబుకి నాలుగున్నరేళ్లు, యూకేజీ. ఏబీసీడీలు చకచకా రాస్తాడు. తెలుగు ‘అ’ దగ్గరికొచ్చేసరికి పలక అవతల పడేసి ఒకటే ఏడుపు. అక్షరాభ్యాసం చేయించి ఏడాదిన్నరైంది, ఇంకా ‘అ’ రాదా అని మా అత్తగారు రోజూ అడుగుతుంటే నాకు టెన్షన్. కాగితాలు కత్తిరించడం, అంటించడం అంటే మాత్రం వాడికి ప్రాణం. ఆ దారిలో నేర్పొచ్చా?
— ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: తప్పు మీ వాడిది కాదమ్మా, ‘అ’ది. ఇంగ్లీషు ‘ఏ’ అంటే మూడు గీతలు. మన ‘అ’లో చెయ్యి ఎక్కడా తిన్నగా పోదు. వరసలో ముందుంది కదా అని అంత మెలికల అక్షరాన్ని మొదటి రోజే రాయమంటాం. అఆలు నోటికి వరసగానే రానివ్వండి. చేతికి ఆ వరస అక్కర్లేదు. నేను బళ్లో ‘గ’, ‘ర’లతో మొదలుపెట్టేదాన్ని.

రేపు చపాతీపిండి కలిపేటప్పుడు నిమ్మకాయంత ముద్ద వాడికివ్వండి. పీట మీద పాములు చేయించండి. ఒక పాముని గుమ్మంలా వంచితే ‘గ’ మొండెం, చుట్ట చుడితే ‘ర’ మొండెం. చిటికెడు పిండి గిల్లి పైన తలకట్టు పెట్టమనండి, ఆఖరున. ‘వ’ చేయడం వచ్చాక దానికి తోక తగిలిస్తే ‘మ’. ఇది వాడే కనిపెట్టేదాకా మీరు చెప్పకండి.

నాకు బాగా ఇష్టమైంది టోపీలాట. పాత శుభలేఖల అట్ట మీద తలకట్టు లేని ‘గ’ని అరచేయంత గీసి కత్తిరించండి. ఎర్ర చార్టు కాగితంతో తలకట్టు, దీర్ఘం, గుడి, గుడిదీర్ఘం, కొమ్ము విడివిడిగా చేయండి. తలకట్టు తీసి గుడి పెడితే ‘గి’, గుడిదీర్ఘం పెడితే ‘గీ’. ఓసారి కొమ్ము చేతికిస్తే ఒక పిల్లాడు అటూ ఇటూ తిప్పి చూసి, “టీచర్, దీనికి టోపీ తియ్యక్కర్లా!” అన్నాడు. నిజమే, ‘గు’కి తలకట్టు అలాగే ఉంటుంది. గుణింతం బట్టీ పట్టించిన ఏ పిల్లాడూ నాతో ఆ మాట అనలేదు. ‘బ’, ‘ల’, ‘జ’, ‘ట’లకు అసలు తలకట్టే లేదుగా, వాటిని మా పిల్లలు తిరుపతి వెళ్లొచ్చిన అక్షరాలు అనేవాళ్లు.

1907లో రోమ్‌లో బడి పెట్టిన మాంటిస్సోరీ గారు ఉప్పుకాగితంతో అక్షరాలు కత్తిరించి పిల్లల చేత వేలితో తడిమించేవారు. ఉప్పుకాగితం హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది కానీ, మన వంపులు అందులో కత్తిరించేసరికి చేతులు నొప్పెడతాయి. దానికన్నా మీ అత్తగారు దీపారాధనకు చేసే పొడుగు వత్తులు నయం. అట్ట మీద ఫెవికాల్‌తో అక్షరం రాసి వత్తి అద్దితే చక్కగా వంగుతుంది. ఆ పని మనవడితో కలిసి ఆవిడనే చేయమనండి. మీ టెన్షన్ కూడా సగం తగ్గుతుంది.

అంటించడం వచ్చినంత మాత్రాన రాయడం రాదు. పిండి అక్షరాన్ని ఏ కొస నుంచైనా చేయొచ్చు, రాతకి మాత్రం ఒక మొదలుంటుంది. అందుకని వత్తి ఆరాక, రాసే వరసలోనే వేలితో దిద్దించండి. తర్వాత పళ్లెంలో బియ్యం మీద, ఆ తర్వాతే బలపం. ‘అ’ సంగతి పండగ దాటాక చూద్దాం.

రెండు జాగ్రత్తలు. చింతపిక్కలు మైదా జిగురుతో అంటించకండి. ఒకసారి క్లాసంతా కూచుని అంటించాం, తెల్లారేసరికి అఆల నిండా చీమలు. ఇక బఠాణీలు, సెనగలు అసలొద్దు. మా క్లాసులో ఒక పిల్ల బఠాణీ ముక్కులో దోపుకుంటే డాక్టరు దగ్గరికి పరిగెత్తాం. చింతపిక్కలిచ్చినా పక్కన మీరుండాల్సిందే.

ప్రశ్న: మా పాప ఎడంచేత్తో కత్తెర పడుతోంది. మాన్పించాలా?
— పటమట, విజయవాడ

జవాబు: వద్దమ్మా. మామూలు కత్తెర ఎడంచేత్తో పడితే పై అంచు అడ్డమొచ్చి గీత కనపడదు, అందుకే వంకరగా తెగుతుంది. ఎడంచేతి వాళ్ల కత్తెర వేరే దొరుకుతుంది, అది కొనివ్వండి.