నవ్వే ముందు తేదీలు రాసుకో

అమ్మడూ,

మామయ్య ఆశీస్సులు. ‘మిషన్ టు మాస్కో’ అనే పాత హాలీవుడ్ సినిమా మీద వీడియో చేస్తున్నానని, పది నిమిషాలు చూసేసరికే నవ్వాగలేదని రాశావు. నవ్వొచ్చే సినిమానే. అందులో స్టాలిన్ మన పాత సినిమాల్లో మునసబుగారిలా చల్లగా మాట్లాడతాడు. నవ్వుకోవడం అయ్యాక ఒక కాగితం మీద మూడు తేదీలు రాసుకో: కథ జరిగినదెప్పుడు, సినిమా తీసిందెప్పుడు, జనం చూసిందెప్పుడు. ఇన్నేళ్లు ఫిల్మ్ సొసైటీలో పాత బొమ్మలు ఆడించి నేను నేర్చుకున్నది ఇంతకంటే పెద్దగా ఏం లేదు.

జోసెఫ్ డేవీస్ మాస్కోలో అమెరికా రాయబారిగా ఉన్నది 1937, 38ల్లో. ఆ రోజుల గురించి ఆయన రాసిన పుస్తకం 1941 చివర్లో వచ్చింది. వార్నర్ బ్రదర్స్ వాళ్లు దాన్ని మైకేల్ కర్టీజ్ చేత సినిమాగా తీయించి 1943 ఏప్రిల్ నెలాఖరున విడుదల చేశారు. ఈ మధ్యలో ఏమేం జరిగాయో చూడు. 1939 ఆగస్టులో స్టాలిన్ హిట్లర్‌తో ఒప్పందం రాసుకున్నాడు, నవంబరులో ఫిన్లాండ్ మీద పడ్డాడు. అమెరికాలో దుమ్మెత్తిపోశారు. 1941 జూన్ 22న జర్మనీ రష్యా మీదికే వచ్చింది, డిసెంబరులో పెర్ల్ హార్బర్ మీద జపాను దాడితో అమెరికా కూడా యుద్ధంలోకి దిగింది. నిన్నటిదాకా గిట్టనివాడు ఇవాళ వియ్యంకుడైపోయాడు. వియ్యంకుణ్ణి ఊరికి పరిచయం చెయ్యాలిగా! ఆ పరిచయమే ఈ సినిమా. అందుకే డేవీస్ స్వయంగా తెరమీదికొచ్చి ముందుమాట చెప్తాడు.

విడుదల తేదీ దగ్గర ఇంకాస్త ఆగు. ఏప్రిల్ 13న బెర్లిన్ రేడియో రష్యాలోని కాటిన్ అడవిలో పోలెండ్ అధికారుల శవాల గుట్టలు దొరికాయని చెప్పింది. చంపించింది స్టాలినే. కానీ చెప్తున్నది నాజీలు, ఎవరు నమ్ముతారు? ఆ నిజం బయటపడుతున్న నెలలోనే థియేటర్లలో ఈ చల్లని స్టాలిన్ కనిపించాడు. నీ వీడియో నేనైతే ఇక్కణ్ణించే మొదలుపెడతాను.

ఇక కోర్టు సీను. ఇలాంటి సినిమాల్లో అబద్ధం డైలాగుల్లో కంటే అతుకుల దగ్గర ఎక్కువుంటుంది. స్టాలిన్ తన పార్టీ వాళ్లమీదే ద్రోహులని నేరం మోపి మాస్కోలో బహిరంగంగా జరిపించిన పెద్ద విచారణలు మూడు: 1936 ఆగస్టు, 1937 జనవరి, 1938 మార్చి. మొదటిది జరిగేనాటికి డేవీస్ ఆ ఊళ్లోనే లేడు. సినిమా ఈ విచారణల్ని కలిపి ఒకే కోర్టు చేసేసింది. పార్టీ నాయకుడు బుఖారిన్‌తో పాటు సైన్యాధికారి మార్షల్ తుఖచెవ్‌స్కీని కూడా బోనెక్కించింది. ఆయన్ని 1937 జూన్‌లో తలుపులు మూసి విచారించి కాల్చేశారు, బహిరంగ కోర్టు మొహమే చూడనివ్వలేదు. పైగా అందరూ నిజంగానే ద్రోహులన్నట్టు చూపించారు. దీన్ని పట్టుకోవడానికి మన తరం అక్కర్లేకపోయింది. స్టాలిన్ దేశం నుంచి వెళ్లగొట్టిన ట్రాట్‌స్కీ మీద వేసిన నేరాలను 1937లో మెక్సికో దాకా వెళ్లి విచారించిన అమెరికా తత్వవేత్త జాన్ డ్యూయీ, ఈ సినిమా వచ్చిన కొద్దిరోజులకే న్యూయార్క్ టైమ్స్‌కి ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం సంపాదించి చదువు.

అలాగని మొత్తం బూటకమని తేల్చెయ్యకు. ఆ యుద్ధంలో సోవియట్ దేశం పోగొట్టుకున్న ప్రాణాలు సుమారు 2.7 కోట్లు. స్టాలిన్‌గ్రాడ్‌లో జర్మన్లు లొంగిపోయి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు. మీ తాతగారు దాన్ని, కమ్యూనిస్టులు అన్నట్టు, ప్రజాయుద్ధమనే నమ్మినాయన. ఆయన ముందు నువ్విలా నవ్వి ఉంటే ఆ పూట నీకు భోజనం ఉండేది కాదు.

నేను పడ్డ గొయ్యి కూడా చెప్పాలి. ఉక్రెయిన్ పల్లె మీద జర్మన్ల దాడి కథతో శామ్యూల్ గోల్డ్‌విన్ 1943లో ‘ద నార్త్ స్టార్’ తీశాడు. రచన లిలియన్ హెల్మన్. నాకెవరో ‘ఆర్మర్డ్ అటాక్’ అనే క్యాసెట్ ఇస్తే, అది కమ్యూనిస్టు వ్యతిరేక సినిమా అని సొసైటీ మీటింగులో ముప్పావు గంట దంచాను. వెనక వరసలో ఒక పెద్దాయన లేచి, “మాస్టారూ, ఇది 1957లో కోసి అతికించిన కాపీ. అసలుది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది” అన్నాడు. సోవియట్‌ని మెచ్చుకునే చోట్లు కత్తిరించి, కమ్యూనిజాన్ని తిట్టే వ్యాఖ్యానం తగిలించారట. ఆ రోజు టీ తాగకుండానే ఇంటికొచ్చేశాను. కాబట్టి నీ దగ్గరున్న కాపీ ఏ ఏటిదో, ఎన్ని నిమిషాలుందో ముందు చూసుకో.

తీసినవాళ్ల గతి కూడా వీడియోలో ఉండాలి. 1947లో అమెరికా పార్లమెంటు కమిటీ వాళ్లు హాలీవుడ్‌లో కమ్యూనిస్టులెవరని వెతుకుతూ, రష్యాని మెచ్చుకున్న ఈ సినిమాల సంగతి తవ్వారు. రష్యా నుంచి వలస వచ్చిన రచయిత్రి అయిన్ రాండ్ అలాంటిదే మరో సినిమా ‘సాంగ్ ఆఫ్ రష్యా’లో పల్లెజనం నవ్వు మొహాలను తప్పుపడితే, ఇప్పుడు రష్యాలో ఎవరూ నవ్వరా అని ఒక సభ్యుడు అడిగాడు. నిక్కచ్చిగా అడిగితే దాదాపు లేనట్టేనంది ఆవిడ. జాక్ వార్నర్ మాత్రం, సినిమా తియ్యడం ద్రోహమైతే రష్యాకి తిండీ తుపాకులూ మోసిన ఓడలదీ ద్రోహమేగా అని తర్కం తీశాడు. తర్కం బాగానే ఉంది. కానీ అదే నోటితో ఆయన కమ్యూనిస్టులని కమిటీకి పేర్లు చెప్పిన రచయితల్లో ఈ సినిమా రాసిన హోవర్డ్ కాచ్ కూడా ఉన్నాడు. కాచ్‌కి హాలీవుడ్‌లో పని పుట్టలేదు. ఇంగ్లండ్ వెళ్లి మారుపేరుతో రాసుకున్నాడు.

కోర్టు సీను వేసేటప్పుడు వెనక వెటకారం మ్యూజిక్ పెట్టకు. బొమ్మ పక్కన ఆ మూడు విచారణల తేదీలూ వెయ్యి, చాలు. స్క్రిప్టు అయ్యాక పంపు. కాస్త పెద్ద అక్షరాలతో పంపు, కళ్లు ఆనడం లేదు.

మీ
మామయ్య