బిస్మార్క్ పామ్ కింది ఆకులు ఎండిపోతుంటే

వేసవిలో నాటిన బిస్మార్క్ పామ్‌కు రోజూ 2 బకెట్లు పోస్తున్నా కింది ఆకులు ఎండిపోతున్నాయని, ఇంటి ముందంతా నల్లరేగడి అని రాశారు కదండీ, ముందు ఆ రోజువారీ నీళ్లు ఆపేయండి. ఇది మడగాస్కర్ గడ్డి మైదానాల్లో పుట్టిన చెట్టు, కరువును తట్టుకుంటుంది గానీ వేళ్ల దగ్గర నీరు నిలిస్తే కుళ్లిపోతుంది, పైగా నల్లరేగడిలో పైన ఎండినట్టు కనిపించినా లోపల తడి చాలా రోజులు ఉంటుంది. మొదలుకు కాస్త దూరంగా జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట్లో నొక్కి చూడండి, ముద్ద అయితే నీళ్లు వద్దు.

అసలు చూడాల్సింది మొవ్వు. విచ్చుకోని ఆ నడిమి ఆకును మెల్లగా లాగండి. గట్టిగా ఉంటే టెన్షన్ అక్కర్లేదు, ఊడి చేతికొచ్చి కుళ్లు వాసన వస్తే మాత్రం కష్టం, ఎందుకంటే ఈ చెట్టు పెరిగే చోటు అదొక్కటే. నాటేటప్పుడు వేళ్లు కదిలితే బిస్మార్క్ ఓర్చుకోదు, అందుకే ఒకటి రెండు కింది ఆకులు పోవడం మామూలే. దయచేసి మళ్లీ తవ్వి వేరే చోటికి మార్చకండి! సగం పచ్చగా ఉన్న ఆకుల్నీ కోయొద్దు, పొటాషియం తక్కువైనప్పుడు కొత్త ఆకుల కోసం వాటి నుంచే తీసుకుంటుంది.

పాదులో నీరు నిలుస్తుంటే గట్టు తెంపి చిన్న కాలువ తీయండి. మొదటి ఏడాది నేల ఆరిందో లేదో చూసి పోస్తే చాలు. గోడకు 10 అడుగులైనా దూరం ఉందా? పెద్దయ్యాక ఆకులు అడ్డంగా 20 అడుగుల దాకా పరుచుకుంటాయి.